బక్కమ్మ గంటె

కోఠిల సగం ధరకు కొన్న డబ్బా ఇది.
కెమెరా అంటే దేవరకొండల ఎవ్వరూ నమ్మరు.
పొడుగ్గ, నాలుగు పలకలుగ
టార్చిలైటుకు తమ్ముని లెక్కుంటది.
మల్లేపల్లి పెండ్లిల పట్టుకొని నిలబడితే
"కరెంటేం పోలేదు గద మక్బూల్ భాయ్" అని నవ్విన్రు.

దీనికి ఒక్కటే విద్య.
ఫోటో తీసినంక గూడ సూపు మార్చుకోవచ్చు.
తెర మీద ఏడ వేలు పెడితే ఆడ తేటపడ్తది,
తతిమ్మదంత మంచుల మునిగినట్టు మసకబారుతది.
మా అబ్బాజాన్ నల్లగుడ్డ కింద తల దూర్చి
ఊపిరి బిగవట్టి, ఎదుటోళ్లను బిగవట్టమని
మెల్లెగ తిప్పిన లెన్సును
నేను చాయ్ తాగుకుంట చిటికెన వేలుతోని తిప్పుత.
లోపం గూడ చెప్త, దాచుడెందుకు?
పెద్దగ ప్రింటు కొడితే బొమ్మ పగుల్తది.
పోస్టుకార్డంత దాకనే దీని బతుకు.

పెండ్లయిన మూడోనాడు
బక్కమ్మొచ్చింది దుకాణానికి.
పెండ్లిండ్లల్ల బగార వండే బక్కమ్మ.
వయసడిగితే
ఎన్ని క్వింటాళ్లు వండిందో చెప్పే మనిషి.
"నా గంటె పోయింది మక్బూలూ.
ఇత్తడిది. మా అత్త చేతిది.
నీ ఫోటోలల్ల యాడన్న దాసుకున్నదేమో సూడు."

పిల్లా పిలగాడు నిలబడ్డ ఫోటో తెరిచిన.
వాళ్ల మీదికెల్లి వేలు తీసి ఎనకకు నడిచిన.
మేనమామ తేటపడ్డడు, చేతి గడియారం తలకిందులుగ.
మేనమామ మసకబడ్డడు.
కుర్చీల వరుస.
కుర్చీ కింద చెప్పులు మార్చుకుంటున్న పోరడు.
"వీడు ఈదమ్మ మనుమడు" అన్నది బక్కమ్మ.
"ఆ చెప్పులు వీనియి గావు."
ఇంకా ఎనకకు.
షామియానా తాడు, తాడుకు ఏలాడే ఎవరిదో తువ్వాల.
తడికవతల పొగ.
పొగను తాకిన.

పొయ్యి లేచొచ్చింది.
మూడు రాళ్లు, గంగాళం,
గంగాళం అంచుకు పొంగి ఎండిన గంజి చార.
పక్కన ఒకామె,
కొంగు నడుముకు సుట్టి, మొకం పక్కకు తిప్పి,
పొగకు కండ్లు చిట్లించి.

"ఈ ముసల్దెవరు?" అన్నది బక్కమ్మ.

నేను చప్పుడు చెయ్యలె.
బయట డిండి బస్సు హారన్ కొట్టుకుంట పోయింది.
ఆమె తెర దగ్గరికి జరిగింది,
దూరం జరిగింది,
మల్ల దగ్గరికి.
"చీర నాదే, మొన్న దసరాకు కొన్న పసుపుది" అన్నది.
కొంచెం సేపటికి,
"మా అమ్మ అనుకున్న.
సచ్చిన మనిషి పెండ్లికెట్లొచ్చిందా అనుకున్న."

అంతల్నే "ఆగాగు, ఆ బకీటు సూడు!"
పిలగాని దిక్కోళ్ల పప్పు బకీట్ల
పిడి వంగిన ఇత్తడి గంటె.
"ఈడున్నవా" అని దాంతోనే మాట్లాడింది.
"చింతపల్లోళ్లు గద వాళ్లు.
రేపు మొదటి బస్సుకు పోత."

"నీ ఫోటో చిన్నది తీసియ్యనా?" అన్న.
"గంటె దొరికింది గద, ఫోటో ఏంజేస్కోను?"
పోతపోత గడపల ఆగింది.
"దాని మొకం ఇటు తిప్పరాదు?"
రాదని చెప్పిన.
దగ్గరిది దూరమైతది, దూరంది దగ్గరికొస్తది గని
అటు తిరిగిన మొకం ఇటు తిరగదు,
చిట్లిన కన్ను తెరుసుకోదు.
"మరి గన్ని పైసలెందుకు పోసినవ్?" అనుకుంట
మెట్లు దిగింది.

రాత్రి పెండ్లోళ్ల ఆల్బంకు
పిల్లా పిలగాని మీద వేలు పెట్టిన.
పిల్ల జుట్టుల చిక్కిన తలంబ్రాలు
ఒక్కొక్క గింజ లెక్కవెట్టొచ్చు.
ఎనక, షామియానా మూలకు,
పసుపుపచ్చని మరక ఒకటి మిగిలింది.
"తుడిచేద్దునా భాయ్?" అన్నడు పనిపిలగాడు జానీ.

ఉండనీ అన్న.
అది బక్కమ్మ.