ఎడమ పేజీ

వ్యాసర్‌పాడి కార్పొరేషన్ గ్రౌండులో
రెండు రింగులుంటే ఒకటే నిటారుగా ఉంటుంది.
రెండోది కాస్త తలవంచుకుని,
ఎవరో తిట్టినట్టు.
దాని కిందే మా ప్రాక్టీసు, సాయంత్రం ఐదున్నరకి.
మంచి రింగు పెద్దబ్బాయిలది.

పదకొండుమంది ఆడపిల్లలు, ఐదు బంతులు.
అందులో ఒకదానికి గాలి నిలవదు;
బజ్జీ అని పేరు పెట్టారు దానికి.

నా దగ్గరొక రూళ్ళ నోట్‌బుక్కు.
కుడి పేజీలో తప్పులు, చిన్న అక్షరాలతో, నాకోసం.
ఎడమ పేజీలో సరిగ్గా జరిగినవి.
ఆట ముగిశాక పైకి చదివేది ఎడమ పేజీ ఒక్కటే.
కుడి పేజీ మర్నాటికి ఇంకో ఆటగా మారుతుంది:
బంతిని చూస్తూ పరిగెత్తే మోనిషా ఎదురుగా
వేళ్ళెత్తి "ఎన్ని?" అంటాను.
తలెత్తమని చెప్పను.
లెక్క చెప్పాలంటే ఎలాగూ ఎత్తాలి కదా.

నేను ఇలా నేర్చుకోలేదు.
మా సారు విజిల్ తాడు గాల్లో తిప్పుతూ నేర్పేవాడు.
బంతి జారితే తాడు పిక్కకు తగిలేది.
జిల్లా జట్టులో ఆడాను, నిజమే.
ఇరవై ఏళ్ళయింది. ఫ్రీ త్రో గీత మీద నిలబడితే
రింగు కన్నా ముందు
తాడు ఎక్కడుందో వెతుకుతాయి నా కళ్ళు.

ఎస్తేరుకు పదమూడేళ్ళు.
వాళ్ళమ్మ తెల్లారకముందే మింట్ వైపు వీధులూడుస్తుంది.
బంతి చేతికొస్తే చాలు,
పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టు
పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది.
మూడు నెలలు. ఒక్క షాటూ వెయ్యలేదు.
ఎడమ పేజీలో ఆ పేరు పక్కన ఏం రాయను?
ఉత్త మెచ్చుకోలును పిల్లలు ఇట్టే పసిగడతారు,
నీళ్ళు కలిపిన పాలలాగా.
రోజూ వెతికాను.
ఓ మంగళవారం దొరికింది:
"ఎస్తేరు, బంతి రాకముందే పాదాలు సర్దుకుంది."
చదివితే, తన పాదాల వంక చూసుకుంది,
ఎవరో కొత్తగా కొనిచ్చినట్టు.

"మణికట్టు వదిలెయ్యి," అన్నాను తర్వాతి వారం,
"అటక మీది మురుకుల డబ్బాలో
అమ్మకు తెలీకుండా చెయ్యి పెట్టినట్టు."
"మా ఇంట్లో అటక లేదుక్కా."
"మరి మురుకులెక్కడ పెడతారు?"
"తెచ్చినరోజే అయిపోతాయే, పెట్టేదానికి యాడ మిగిలుండాయి?"
అందరూ నవ్వారు. నేను కొంచెం ఆలస్యంగా.

పెరంబూరులో మ్యాచి. నలభై మూడు, ఆరు.
ఆరు మాది.
రెండో క్వార్టర్లో, వరసగా నాలుగో బంతి
ఎదుటి జట్టు చేతికే విసిరినప్పుడు
మా సారు వచ్చి నా గొంతులో కూర్చున్నాడు.
"బుద్ధుందా" అనే మాట పళ్ళదాకా వచ్చింది.
సీసా మూత తిప్పాను. నీళ్ళు తాగాను.
ఇంకా తాగాను.
ఎవరూ చూడలేదనుకున్నాను.

తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.
బ్రేకు పడ్డప్పుడల్లా బజ్జీ సీట్ల కింద దొర్లింది,
ఆపడానికి ఒక్క కాలూ ముందుకు రాలేదు.
కుడి పేజీ నిండిపోయి అట్ట లోపలికి ఎక్కింది.
ఎడమ పేజీలో మూడే లైన్లు.
వణికే లైటు కింద చదివాను:
"మోనిషా, కిందపడ్డ ఎదుటి పిల్లకి చెయ్యిచ్చింది.
షకీలా, ఆఖరి నిమిషంలో కూడా వెనక్కి పరిగెత్తింది.
ఎస్తేరు, వేసింది."

పడిందా అంటే పడలేదు.
రింగుకు జానెడు కిందనుంచే పోయింది.
కానీ మణికట్టు, ఆ మణికట్టు
బంతి వెళ్ళిపోయాక కూడా గాల్లో అలాగే ఉంది,
లేని అటక మీద
ఉన్న డబ్బాలో.

ఎస్తేరు చెయ్యి చాపింది, పెన్ను కోసం.
బస్సు కుదుపులకు వంకర్లు పోతూ
తమిళ అక్షరాల్లో మా తెలుగు,
నాలుగో లైను:
"అక్క, నీళ్ళు తాగింది."