ఎనిమిదింటి మాత్ర

గుల్ల అంచు వేలు కోసింది మంగళవారం.
శుక్రవారానికి చెయ్యి రొట్టెలా పొంగింది.
నోయా ఆసుపత్రిలో కుర్ర డాక్టరు
వాపు చుట్టూ పెన్నుతో గీత గీసి
"ఇది దాటితే వెంటనే రండి" అన్నాడు.
పది రోజులు. పొద్దున ఎనిమిదికొకటి, రాత్రి ఎనిమిదికొకటి.

వాపు గీత దాటలేదు.
నిద్రే ఏదో గీత దాటి వెళ్ళిపోయింది.

మొదటి రాత్రి నెపం కాఫీ మీద పెట్టాను.
రెండో రాత్రి బల్బినా వాళ్ళ కుక్క మీద.
మూడో రాత్రి,
పోయి ఆరేళ్ళైన రమీరో గురక వినిపించకపోవడం మీద.
నాలుగో రాత్రికి నెపాలు అయిపోయాయి.
డబ్బాలోంచి మడతల కాగితం తీసి
చీమల బారులాంటి అక్షరాల్లో వెతికితే
వికారానికీ విరేచనాలకీ కిందుగా
ఒక్క మాట: నిద్రలేమి.
ఎంత సిగ్గేసిందో, రమీరో ఫొటో ముందు.

"సగంలో ఆపితే చెయ్యి ఊరుకోదు, ఒబ్దూలియా"
అంది మందులషాపు ఉషియా. డాక్టరుకి తనే ఫోన్ చేసింది.
ఇంకో నాలుగు రోజులే కదా, ఓపిక పట్టమన్నాడట.
అతనికి నాలుగు రోజులు.
నాకు నాలుగు రాత్రులు.

ఏడో రాత్రి, పడుకునే నాటకం మానేశాను.
రబ్బరు బూట్లు తొడిగి, కట్టుకట్టిన చెయ్యి రొమ్ముకి ఆనించి
ఒడ్డుకి దిగాను. మూడున్నరకి ఆటు.
నలభై ఏళ్ళుగా ఈ ఇసుకని దంతెతో గీకుతున్నాను గానీ
ఊరికే చూసింది లేదు,
నడుం వంచకుండా దీని మీద నిలబడిందీ లేదు.
టార్చి వేస్తే
ప్రతి గుల్లకీ రెండు కన్నాలు,
పీల్చడానికొకటి, వదలడానికొకటి.
వేలకి వేలు.
కళ్ళనుకున్నాను ముందు.
రెప్పల్లేవు వాటికీ.
"మీరే మాత్ర మింగారే?" అన్నాను పైకే.
ఒకటి బూటు మీద సన్నగా నీళ్ళు చిమ్మింది.

పదో రోజు రాత్రి ఎనిమిదికి ఆఖరి మాత్ర.
ఆ రాత్రీ రాలేదు నిద్ర, మర్నాడూ రాలేదు.
అలిగి వెళ్ళిన చుట్టం, పిలవగానే వస్తుందా.

వచ్చింది బుధవారం మధ్యాహ్నం,
వేలంపాట గోదాంలో,
గుల్లల సంచుల మధ్య
"పదకొండు యూరోలు, పదకొండున్నర" అని
గొంతులు చించుకుంటుండగా.
బల్బినా భుజం మీద నా తల వాలిందట.
తన సరుకు పిలిచినా ఆవిడ లేవలేదట,
వేలు పెదాల మీద పెట్టి
కొనేవాళ్ళనే నెమ్మదిగా పాడమందట.

కళ్ళు తెరిస్తే ఖాళీ గోదాం, కడిగిన నేల,
నా చెంప మీద ఆవిడ స్వెట్టరు అల్లిక.
"ఏం గురకే తల్లీ" అంది
భుజం నొక్కుకుంటూ,
"అచ్చం రమీరోదే."