ఒంటి చెప్పు

లియెపాయాలో జనవరి.
పొద్దున తొమ్మిదికి గానీ తెల్లారదు,
తెల్లారినా తెల్లారినట్టుండదు.
రెండో అంతస్తులో ఓయార్స్ ఇంట్లో మాత్రం
ఏడింటికి టైమర్ టిక్కుమంటుంది,
నాలుగు అరల మీద ఒకేసారి పగలు.

తుంటి ఆపరేషన్‌కి వెళ్తూ అతను
తాళంచెవి వెల్గా చేతిలో పెట్టాడు.
"వారానికోసారి నీళ్లు. ఆకుల మధ్య నిలవనీయకు."
అంతే. రేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపినవాడు,
చేతిసైగలతో బతికినవాడు.

మొదటి వారం నీళ్లు పోసింది.
రెండో వారం వాసన పట్టింది.
వేలితో పొడిస్తే బెరడు మెత్తగా దిగబడింది.
ఆమె పని కాదిది.
కానీ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పాతికేళ్లు నలిగిన ముక్కు
చెడినదాన్ని చూసి ఊరుకుంటుందా.

పాత పేపరు పరిచి, కుండీ పక్కకి వాల్చి
రెండు చరుపులు చరిచింది.
గోధుమరంగు వేళ్లు, ఒళ్లంతా నూగు.
బతికినవి గట్టిగా ఉన్నాయి.
చచ్చినవి లాగితే తొడుగు ఊడొచ్చి
లోపల ఒట్టి దారం.
కత్తెర మంట మీద కాల్చి దారాలన్నీ కత్తిరించింది.

చెప్పుపువ్వు అంటారు దీన్ని.
జత ఉండదు, ఒంటి చెప్పు.
చెప్పు అని పేరే గానీ
ఏదీ చెప్పదు.

కుండీలో గుచ్చిన ప్లాస్టిక్ చీటీ
పైకి కనిపించేది బొటనవేలి గోరంత.
లాగితే జానెడు. పెన్సిల్ రాత.

2015 పూయలేదు.
2016 పూయలేదు. లైటు ఇంకాస్త దించాను.
2017 పూయలేదు.
2018 పై ఇంట్లోకి ఎవరో దిగారు. రాత్రి పదకొండింటికి నీళ్ల చప్పుడు. పూయలేదు.
2019 ఆమె మెట్లెక్కుతూ పాడుతుంది. ఒక మొగ్గ. ఎండిపోయింది.
2020 పాట లేదు. పూయలేదు.
ఆ తర్వాత ఏటా ఒక గీత,
మాటలు దండగ అనుకున్నట్టు.

2020లో గొంతుకి ఆపరేషన్ అయింది ఆమెకి.
ఎవరికీ చెప్పలేదు.

రాత్రంతా నానబెట్టిన కొత్త బెరడు,
గుప్పెడు బొగ్గు, కాసిని తెల్ల పెర్లైటు గుళ్లు.
కుండీ పెద్దది కాకూడదట, వేళ్లకి సరిపోయేదే చాలట.
మొక్క ఊగకుండా పుల్ల కట్టింది.
కుదురు దగ్గర, అరటికి వచ్చినట్టే
చిటికెన వేలంత పిలక. అతను చూశాడో లేదో.

చీటీ మీద చోటు కొంచెమే మిగిలింది.
2025 కుండీ మార్చాను. అడగలేదు.
కాసేపాగి, చిన్న అక్షరాలతో:
నీళ్లు ఇకనుంచి తొమ్మిదింటికే.
రాసినంత మేరా బెరడులో కూరింది.

సాయంత్రం ఏడు. టిక్.
నాలుగు అరల మీద ఒకేసారి రాత్రి.
లేచి వెళ్దామనుకుంటూ కూర్చుండిపోయింది.
పై కప్పులోంచి చుక్క, మళ్లీ చుక్క:
కారుతున్నది తన కుళాయే.
కింద ఇంత స్పష్టంగా వినిపిస్తుందని
ఎవరు చెప్పారు ఆమెకి.