ఏడో అధికరణం

ఇంగ్లీషులోంచి హిందీకి, హిందీలోంచి మరాఠీకి,
మరాఠీలోంచి నా బల్ల మీదికి
నలిగి నలిగి వచ్చిందా కాగితం.
"టీచరమ్మా, రేపు పదింటికల్లా తెలుగు చెయ్యాలి,
సభ్యురాళ్ళకు మరాఠీ అందదు" అన్నాడు గ్రామసేవకుడు
పోలియో చుక్కల పని అప్పజెప్పినంత తేలిగ్గా.

రాత్రి సిరోంచాలో కరెంటు లేదు.
ఫోను వెలుతుర్లో ఏడో అధికరణం:
దేశ రాజకీయాల్లో, ప్రజల పనుల్లో
ఆడవాళ్ళ పట్ల వివక్ష లేకుండా చూస్తామని
రాజ్యాలు ఒప్పుకున్నాయట.
"రాజ్యాలు" కొట్టేసి "సర్కార్లు" అని రాశాను,
లేకపోతే పోసుబాయి రాజులెవరని అడుగుతుంది.
"పురుషులతో సమాన షరతులపై"
ఇక్కడ ఆగిపోయాను.
మా వైపు షరతంటే పందెం.
కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి
దోమల్ని తిట్టుకుంటూ పడుకున్నాను.

తాలూకా ఆఫీసు హాల్లో జంపఖానా మీద వాళ్ళు
పద్నాలుగు మంది.
కిటికీ బయట మోటారు సైకిళ్ళ మీద వాళ్ళ భర్తలు,
పరీక్ష హాలు బయట తండ్రుల్లా.
చదివాను.
"ఎప్పటిదమ్మా ఈ మాట?" అంది ఆత్రం జంగుబాయి.
మన దేశం తొంభై మూడులో ఖాయం చేసిందని చెప్పాను.
"నా పెండ్లయిన యేడే!
ఇంట్ల ఒక ఒప్పందం, ఢిల్లీల ఒక ఒప్పందం.
రెండూ నన్నడగకుంటనే."
వెనకనుంచి ఇంకెవరో:
"ఆ దేశాల తరఫున సంతకాలు ఎవలు పెట్టిండ్రు?
అసలు మనుషులా, వాళ్ళ మొగుళ్ళా?"
హాలంతా నవ్వు.
కిటికీ మాత్రం నవ్వలేదు.
షరతు దగ్గర నేను తడబడితే
"పందెమే కదా, పందెమే చదువు" అన్నారు.
"మరి మా కాళ్ళకు కట్టిన తాడు సంగతి రాసిండ్రా?"
వెతికాను. ఏడులో లేదు.
ఇంకో దాంట్లో ఉందేమో, నా దగ్గర ఉన్నది ఒక్క పేజీయే.

కొండ్ర పోసుబాయి నవ్వలేదు.
చింతరేవుల సర్పంచి.
చాయ్ దగ్గర నా పక్కకు జరిగి
చీర కుచ్చిళ్ళు చూపించింది, ఊదా రంగు మరక.
పంచాయతీ ముద్ర ఆయన అంగీ జేబులోనే ఉంటుందట.
చూసుకోకుండా బట్టలతో నానబెట్టిందట.
దుప్పటి, పిల్లల లాగులు, తన చీర,
బకెట్టెడు ఊదా నీళ్ళు.
"రెండేండ్ల సంది నా పేరు ఆయన జేబుల
చెమటకు నానుతాంది టీచరమ్మా.
ఉతికేదేమో నేను."

నెల తర్వాత గ్రామసభ.
బడి వరండాలోనే కాబట్టి నేనూ ఉన్నాను.
ప్రాణహిత రేవుకు మెట్లు కట్టాలని
పుచ్చకాయ గంపలు మోసే ఆడవాళ్ళ అర్జీ.
ఆయన రాసుకొచ్చిన తీర్మానంలో మెట్లు లేవు,
గుత్తేదారు ఇంటిదాకా మొరం రోడ్డు ఉంది.
"ముద్ర వేసేద్దాం" అని జేబు తడుముకున్నాడు.
కుడి జేబు. ఎడమ జేబు. ప్యాంటు జేబు.
పోసుబాయి కొంగు ముడి విప్పింది,
వక్కపొడి డబ్బా, పది రూపాయల నోటు, ముద్ర.
రోడ్డు కాగితం పక్కకు పెట్టింది.
మెట్ల అర్జీ ముందుకు లాక్కుంది.
ప్యాడు ఎండిపోయి ఉంటే
ముద్ర మీద హా అని ఆవిరి ఊది
రెండు చేతులతో అదిమింది.

సగమే పడింది.
"సరపం" దాకా వచ్చి చివరి అక్షరం రాలేదు.
మళ్ళీ వెయ్యమన్నాడు గ్రామసేవకుడు.
"చాలు, చదవొస్తాంది కదా" అంది.
మోటారు సైకిలు ఒక్కటే వెళ్ళిపోయింది.
ఆమె చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచిపోయింది.
ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో
నాకు తెలియదు. అడగలేదు కూడా.
అడగాల్సింది.

వానలొచ్చాయి. మెట్లు మూడు పడ్డాయి,
మిగతావి నిధులొచ్చాక అంటున్నారు.
నా కాగితం హాజరు పట్టీలో ఉంది,
షరతు ఉన్న చోట కొట్టివేతలతో చిల్లు పడి.