పదిహేడో కన్ను

నూకరత్నం గారి దగ్గర ఇరవై రెండేళ్లు
రంగులు కలిపాను.
ఆటోనగర్ షెడ్డులో, రేకుల కింద,
బకెట్టు, కర్ర, నేను.

ఆవిడ రంగుల పుస్తకంలో
నీలమని గాని ఎరుపని గాని ఎక్కడా ఉండదు.
"ముప్ఫై ఒకటి: వన్ టౌన్ మేడ మీద
ఆరేసిన తెల్ల లంగా, మూడో రోజు."
అంటే ఓడల్లోకెక్కే ముడి ఇనుము దుమ్ము.
ఆరిన గుడ్డని చెంపకి ఆనించుకుని
"ఇంకా రాలేదు" అనేది.
పదకొండో రోజున "పోనీలే" అంది.

వాళ్లమ్మ పెదజాలారిపేటలో వలలు బాగుచేసేది,
అంచుని కాలి బొటనవేలికి బిగించుకుని.
పిల్ల పక్కన కూర్చుని కళ్లు లెక్కపెట్టాలి.
తప్పితే మొట్టికాయ.
బొంబాయి మిల్లులో తొలి ఉద్యోగానికి
ఏం చదివావని అడిగితే
అదే చెప్పిందట.
నవ్వారట. ఆర్నెల్లకి మానేశారట.

ఆవిడకి పేరు తెచ్చిన అచ్చు మీరూ చూసే ఉంటారు:
ముప్ఫై ఒకటి నేల మీద సన్నగీతల వల,
పదిహేడో కన్ను దగ్గర చిరుగు.
చీరల్లో, కర్టెన్లలో,
విమానం సీట్ల మీద కూడా.
మొదటిసారి స్క్రీన్ చూసి, పొరపాటనుకుని
నేనే పిన్నుతో గీరి ముడి కలిపేశాను.
తిట్టలేదు.
"కలిపీసినావేటి? సిన్న సేప ఎలగెల్తాదిరా?"
స్క్రీన్ మళ్లీ కట్టించింది. నా జీతం కొయ్యలేదు.

తర్వాత పతకాలు, ఢిల్లీ, జపాను వాళ్లు,
నోటుపుస్తకాలతో కాలేజీ పిల్లలు.
చిరుగు గురించి వాళ్లకి
ఏవేవో పెద్ద మాటలు చెప్పేది.
చేప సంగతి చెప్పేది కాదు.

ఒక ఏడు పూర్ణా మార్కెట్లో నకళ్లు దిగాయి.
సూరత్ సరుకు, నూట తొంభై.
కేసు వేద్దామన్నాను.
ఆవిడ ముందు చీర విప్పించింది,
వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి
పదిహేడు దగ్గర ఆగింది.
చిరుగు లేదు.
అక్కడెవడో బుద్ధిమంతుడు, నాలాంటివాడు, కలిపేశాడు.
కొట్టు మధ్యలో ఆవిడ నవ్విన నవ్వుకి
కొట్టువాడు హడలిపోయి పది తగ్గించాడు.
రెండు కొంది.

ఇప్పుడావిడ లేదు. షెడ్డు టైల్స్ గోడౌనయింది.
నా కళ్లకి పొర కమ్ముతోంది.
మొన్న ఫిషింగ్ హార్బరు గోడ పక్కన
గంప దించుకుంటున్న మనిషి ఒంటిమీద ఆ చీర.
అసలో, నకలో.
దగ్గరకెళ్లి లెక్కపెట్టాలనిపించింది గాని
పరాయి ఆడమనిషి కొంగు,
పదిహేడు దాకా ఎలా వెళ్తాను?

ముప్ఫై ఒకటిని మాత్రం దూరం నుంచే పోల్చాను.
ఎండకి వెలిసి, ఉప్పుకి వెలిసి,
చేపనీళ్లు పడి,
ఇదిగో, ఇప్పుడొచ్చింది.