పదిహేను సెంటీమీటర్లు

ఆషాఢంలో బరంపురం గోడలకు కూడా చెమట పడుతుంది.
గోపాలపురం సముద్రం రాత్రంతా నడిచొచ్చి
తెల్లారేసరికి మా ల్యాబు తలుపు సందులోంచి దూరుతుంది.

సిరంజిలో పాలిమరు జిగురు.
సూది మొన మీద ఒక్క బొట్టు.
పదిహేను సెంటీమీటర్ల అవతల అల్యూమినియం రేకు.
మధ్యన పద్దెనిమిది వేల వోల్టులు,
నోరు మెదపని కోపంలా.
బొట్టు బొంగరపు ముల్లులా మొనదేలి
కంటికి ఆనని దారమై దూకాలి.

దూకింది.
రేకు మీదికి మాత్రం కాదు.
స్టాండు ఇనుప మెడకి చుట్టుకుంది,
కిటికీ ఊచకి, లిపికా సాబతొ జడకి.
"దీనికి నేనంటేనే ఇష్టం" అంది లిపిక,
జడ దులుపుకుంటూ, నవ్వకుండా.

కొత్త యంత్రం పదిహేను లక్షలట.
పాఢీ సారు ఫైలు భువనేశ్వరం పంపారు.
అక్కడికి వెళ్లినవన్నీ తిరిగి రావాలని రూలేమీ లేదు.

ముందు ఇనుము తీసేశాం.
చుట్టుపక్కల ఇనుమున్నంతసేపూ
దారానికి దారి తెలియదు.
మూసేసిన మొబైలు షాపు షోకేసు కొని
నాలుగు పక్కలా పలకలు కోసి పెట్టె కట్టాం.
లోపల నీలం సిలికా గుళ్లు:
నీళ్లు తాగి గులాబీ అయితే
మళ్లీ ఓవెన్‌లో వేయించి నీలం చేస్తాం.
ఒకరోజు గుళ్ల పక్కన ఎవరిదో రొట్టె దొరికింది.
ఎవరూ ఒప్పుకోలేదు.
తేమ ఎనభై రెండు నుంచి నలభై ఆరుకి దిగింది.

పాత ప్రింటరు మోటారుతో చేసిన పంపు
ఎక్కిళ్లు పెట్టేది.
ప్రతి ఎక్కిలికీ దారంలో ఒక పూస.
గిరి రోడ్డు లేతు షాపులో ఖలీ మిస్త్రీ
మరలు దగ్గరగా ఉన్న కడ్డీ ఒకటి తిప్పి ఇచ్చి
"గంటకి సగం మిల్లీలీటరా?
మా ఇంటి కుళాయే నయం" అన్నాడు, తెలుగులో.
డబ్బులు మాత్రం ఒడియాలో అడిగాడు.

ఇక మిగిలింది తిరిగే డ్రమ్ము.
రేకు కదలకపోతే దారమంతా ఒక్కచోటే కుప్ప.
తిన్నగా, వణకకుండా తిరిగే ఇరుసు
నాకు తెలిసి ఊళ్లో ఒక్కటే ఉంది:
మా అచ్చియ్యమ్మ నాయనమ్మ కండెలు చుట్టే రాట్నానిది.

మోచేతి దాకా పాత మచ్చ ఉన్న చెయ్యి
రాట్నం మీద వేసుకునే విన్నదంతా.
"మా నూలు ఎండితే తెగిపోద్ది.
అందుకే గుంత మగ్గం, అందుకే తడి నేల.
మీ నూలుకి ఎండ కావాలా?
ఇదేటి నూలురా గుంటడా, మొండిది!"
కాసేపాగి మేకు ఊడదీసింది.
"ఊరకనే కాదు, అప్పు.
దీపావళికి తెచ్చియ్యాల."

ఆ సాయంత్రం ఇరుసు ఎక్కింది. వోల్టులు ఎక్కాయి.
లిపిక లైటార్పి టార్చి పక్కవాటుగా పట్టింది.
సూదికీ డ్రమ్ముకీ మధ్య
చలికాలం నోట్లోంచి వచ్చే ఆవిరంత పొగ,
కొరడాలా కొట్టుకుంటూ, ఎటూ పోకుండా,
డ్రమ్ము మీదికే.
నాలుగు గంటలు తిరిగాక
అరచేయంత తెల్లటి పొర.
మైక్రోస్కోపులో పూసలు లేవని రాయలేను.
ఉన్నాయి. తక్కువ.
నోట్‌బుక్కులో అదే రాశాం.

దీపావళి వెళ్లిపోయింది.
నేను ఒట్టి చేతులతో వెళ్లి
పొరలో ఒక మూల కత్తిరించి ఆమె అరచేతిలో పెట్టాను.
ఊపిరి తగిలితేనే లేస్తోంది.
వేళ్ల మధ్య నలిపి చూసింది,
వెలుగుకి ఎత్తి చూసింది,
అంచు ఎక్కడుందో వెతికింది.
"బరువే లేదు. ఇది ఎవులు కడతారు?"

"కాలిన చర్మం మీద వేస్తారట నాయనమ్మా.
ఊడదీసే పని లేకుండా అదే కలిసిపోవాలి.
ఇంకా అంతదాకా రాలేదు."

ఆమె ఏమీ అనలేదు.
పట్టు ఉడికించే సోడానీళ్ల గిన్నె
నా పుట్టుకకు ముందెప్పుడో ఒలికిన చోట,
ముడతపడ్డ మోచేతి మీద,
ఆ ముక్క పెట్టి చూసుకుంది.
అది అక్కడే ఉండిపోయింది.

"అయితే ఉగాదికి తెచ్చియ్యి" అంది.