రెండు బైట్లు

పర్లాకిమిడి హైస్కూలు మేడగదిలో
ఇంగ్లీషు తప్ప ఎరగని పెట్టె.
దాని బుద్ధంతా చిప్పులో అచ్చుపోసి పంపారు,
గోరుతో గీకినా మారదు.

"అక్షరం తెరమీదకి పోయేముందు
ఒకచోట ఆగి దారి అడుగుతాదిరా,"
అన్నారు కూర్మారావు మేష్టారు.
"ఆ జవాబు మాత్రం మన చేతిలోదే."

రెండే బైట్లు.
పాతపట్నం రోడ్డు గేటు దగ్గర లారీని పక్కకి తిప్పినట్టు
ప్రతి అక్షరాన్నీ మా సందులోకి మళ్లించాం.
చిన్న 'కె' నొక్కితే
గళ్లకాగితం మీద ఎనిమిదికెనిమిది చుక్కల్లో ఇరికించిన క,
తలకట్టు విరిగి, అయినా క.
మనది కానిదాన్ని పాతదారినే సాగనంపాలి,
మరిచామా, పెట్టె బిగుసుకుపోయేది.
మొదటి వారమంతా మరిచాం.

సుకాంత పాణిగ్రాహి తన ఒడియా గుండ్రాలు తెచ్చాడు.
సందు ఇరుకు.
మేం ఙ వదులుకున్నాం; వాడు ళ ఇవ్వనన్నాడు.

కరెంటు పోతే అంతా మరుపే.
మళ్లీ క్యాసెట్టు, మళ్లీ కీచురాళ్ల మూడు నిమిషాలు,
మేష్టారి పెన్సిలు రీలు బిగిస్తూ.

ఓ సాయంత్రం నేనేదో తప్పు కొట్టాను.
పెట్టె తిట్టే తిట్టు కూడా ఆ సందులోంచే రావాలి కదా,
వచ్చింది,
మా అక్షరాల్లో, అర్థంపర్థం లేకుండా.
మేష్టారు కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వారు:
"తిట్టనీరా.
కొత్త భాషలో ఎవడికైనా ముందు అదే వస్తాది."